విండోస్‌లో ఇన్‌స్టాలేషన్ ఎందుకు ఆగిపోతుంది? కారణం పట్టుకునే దారి

అందరికీ నమస్కారం. విండోస్ కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేయబోతే అది మధ్యలో ఎందుకు ఆగిపోతుంది, ఆగిపోయినప్పుడు అసలు కారణాన్ని ఎలా పట్టుకోవాలి అన్నదే నేను ఈరోజు మాట్లాడదలచుకున్న విషయం. ఈ సభలో కంప్యూటర్లే వృత్తిగా ఉన్నవారూ ఉన్నారు, తమ అవసరం మేరకు వాడుకునేవారూ ఉన్నారు. ఇద్దరికీ పనికివచ్చేటట్లు చెప్పే ప్రయత్నం చేస్తాను. కొన్నిచోట్ల నెమ్మదిగా నడుస్తాను, దయచేసి ఓపిక పట్టండి.

సెటప్ ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేశాం. గీత నిండుతూ వచ్చింది. దాదాపు చివరి వరకూ వచ్చిన గీత ఒక్కసారిగా వెనక్కి నడవడం మొదలుపెట్టి, ఒక చిన్న పెట్టె తెరమీదికి వచ్చి, ఏదో ఒక అంకె చూపించి ఆగిపోయింది. అప్పుడు మనం ఏం చేస్తాం? మళ్ళీ అదే ఫైలు మీద క్లిక్ చేస్తాం. అదీ కుదరకపోతే రీస్టార్ట్ చేస్తాం. ఆ తర్వాత యాంటీవైరస్ ఆపేస్తాం. అప్పటికీ కాకపోతే ఆ అంకెను ఇంటర్నెట్‌లో వెతికి, మొదట కనిపించిన చిట్కాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ పోతాం. నేను అడిగేది ఒక్కటే. ఇందులో కారణం తెలుసుకునే ప్రయత్నం ఏది? ఒక్కటీ లేదు. ఇవన్నీ మందులే గానీ, ఒక్కటి కూడా పరీక్ష కాదు. పైగా ఈ మందుల్లో కొన్ని ఉన్న లోపాన్ని అలాగే ఉంచి కొత్త లోపాలను తెచ్చిపెడతాయి.

కాబట్టి ముందుగా ఆ గీత ఎందుకు వెనక్కి నడిచిందో చూద్దాం. విండోస్‌లో ఇన్‌స్టాలేషన్ కోసం విండోస్ ఇన్‌స్టాలర్ అనే ఒక సర్వీసు, అంటే తెరమీద కనిపించకుండా వెనుక పనిచేసే ప్రోగ్రాము ఉంది. 1999లో ఆఫీస్ 2000తో పాటు వచ్చిన ఈ సర్వీసు ఎంఎస్‌ఐ అనే రకం ఫైళ్లను చదివి, అందులో రాసి ఉన్న ప్రకారం ఫైళ్లను కాపీ చేస్తుంది, విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీలో వివరాలు రాస్తుంది, అవసరమైతే సర్వీసులను నెలకొల్పుతుంది. చేసే ప్రతి పనికీ, దాన్ని తిరిగి ఎలా రద్దు చేయాలో కూడా పక్కనే రాసుకుంటూ పోతుంది. మధ్యలో ఒక్క పని విఫలమైనా, సగం సగం ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రామును వదిలిపెట్టకుండా, అప్పటిదాకా చేసినదంతా వెనక్కి తీసేస్తుంది. దీన్నే రోల్‌బ్యాక్ అంటారు. ఇది మంచి ఏర్పాటే. అయితే దీనివల్ల మనకు ఒక చిక్కు వస్తుంది. పెట్టె కనిపించేసరికి కాపీ అయిన ఫైళ్లు ఉండవు, రాసిన రిజిస్ట్రీ వివరాలూ ఉండవు. అంటే, పొరపాటు ఎక్కడ జరిగిందో చెప్పగల సాక్ష్యం చాలావరకు చెరిగిపోయి ఉంటుంది. మిగిలేది ఒక్కటే, లాగ్, అంటే జరిగిన పనులను వరుసగా రాసుకునే ఫైలు. ఈరోజు నేను చెప్పే మాటలన్నీ ఆ లాగ్ చుట్టూనే తిరుగుతాయి.

అందరికీ ఎక్కువగా ఎదురయ్యే అంకె 1603. మీలో ఎంతమంది దీన్ని చూశారో నేను అడగనవసరం లేదు. ఇన్‌స్టాలేషన్ సమయంలో తీవ్రమైన లోపం ఏర్పడింది అని దాని అర్థం. అంతకుమించి అది ఏమీ చెప్పదు. వైద్యుడి దగ్గరికి వెళ్లి ఒంట్లో బాగాలేదు అని చెప్పి ఊరుకున్నట్టు ఉంటుంది. అందువల్ల 1603కు మందు ఏది అని వెతకడం వృథా, ఎందుకంటే 1603కు మందు అంటూ ఒకటి లేదు. దాని వెనుక ఉన్న లోపానికే మందు ఉంటుంది. ఇద్దరు మనుషులకు 1603 వచ్చిందంటే ఇద్దరికీ ఒకే సమస్య ఉన్నట్టు కాదు. ఒకరికి పనిచేసిన చిట్కా మరొకరికి పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇక్కడే ఇంకో విషయం. కొన్నిసార్లు, ముఖ్యంగా విండోస్ అప్‌డేట్ పేజీలో, 80070643 అనే పొడుగాటి కోడ్ కనిపిస్తుంది. ఇది వేరే ఎర్రర్ అని చాలామంది అనుకుంటారు. ఇలా 8007తో మొదలయ్యే కోడ్‌లలో చివరి నాలుగు స్థానాలు మామూలు విండోస్ ఎర్రర్ సంఖ్యే, కాకపోతే పదహారు ఆధారంగా రాసినది. 643ను మామూలు లెక్కలోకి మారిస్తే 1603 వస్తుంది. అలాగే 80070652 అంటే 1618. 80070070 అంటే 112, అంటే డిస్కులో చోటు లేదు. 80070005 అంటే 5, అంటే అనుమతి నిరాకరణ. విండోస్‌లోని క్యాలిక్యులేటర్‌ను ప్రోగ్రామర్ పద్ధతికి మార్చుకుంటే ఈ మార్పిడి క్షణంలో అయిపోతుంది. ఆ తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్, హెల్ప్‌మెసేజ్ అనే కమాండ్ ఉంది. హెల్ప్ తర్వాత ఎం, ఎస్, జి అని కలిపి టైపు చేసి, పక్కన ఆ సంఖ్య ఇస్తే, దాని అర్థం విండోసే చెబుతుంది. ఇంటర్నెట్ కూడా అక్కరలేదు.

ఇప్పుడు లాగ్ సంగతికి వద్దాం. ఇది నేటి ప్రసంగంలో ముఖ్యమైన భాగం, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. మీ దగ్గర ఉన్నది ఎంఎస్‌ఐ ఫైలు అయితే, స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ వెతికి, దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఎంఎస్‌ఐ ఫైలు మీద కుడి క్లిక్ చేస్తే అడ్మినిస్ట్రేటర్‌గా నడిపే ఎంపిక మామూలుగా కనిపించదు, అందుకే ఈ దారి. అక్కడ ఎంఎస్‌ఐఎగ్జెక్ అని టైపు చేసి, ఖాళీ వదిలి స్లాష్ ఐ, ఆ తర్వాత ఫైలు ఉన్న పూర్తి చిరునామా కొటేషన్ గుర్తుల మధ్య ఇవ్వండి. ఆ తర్వాత స్లాష్, ఎల్, నక్షత్రం గుర్తు, వి, ఈ నాలుగూ ఖాళీ లేకుండా కలిపి టైపు చేసి, లాగ్ ఫైలు ఏ పేరుతో ఎక్కడ రాయాలో చెప్పండి. ఇక ఇన్‌స్టాలేషన్ మామూలుగానే నడుస్తుంది, మామూలుగానే విఫలమవుతుంది. కానీ ఈసారి విఫలమైన తీరంతా ఒక ఫైలులో నమోదై ఉంటుంది.

ఆ ఫైలు తెరిస్తే వేల వరుసలు కనిపిస్తాయి. భయపడకండి. అన్నీ చదవవలసిన పని లేదు. నోట్‌ప్యాడ్‌లో వెతికే పెట్టె తెరిచి, రిటర్న్ వాల్యూ 3 అనే ఇంగ్లీషు మాటలను వెతకండి. విండోస్ ఇన్‌స్టాలర్ భాషలో 1 అంటే పని సవ్యంగా జరిగింది, 2 అంటే వాడుకరి రద్దు చేశారు, 3 అంటే ఆ పని విఫలమై ఇన్‌స్టాలేషన్ ఆగిపోయింది. ఫైలు పైనుంచి వెతికితే మొదట ఎక్కడ దొరుకుతుందో అక్కడ ఆగండి. మొదటిది అని ఎందుకు పట్టుబడుతున్నాను? ఒకచోట విఫలమైతే దాన్ని పిలిచిన పని కూడా విఫలమైనట్టు నమోదవుతుంది, దాన్ని పిలిచినది కూడా అలాగే. చివర కనిపించేది ఆ గొలుసు కొస మాత్రమే, మూలం మొదటిచోట ఉంటుంది. ఆ మొదటి రిటర్న్ వాల్యూ 3కు పైన ఉన్న పది, ఇరవై వరుసలు శ్రద్ధగా చదవండి. అసలు మాట దాదాపు ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

అక్కడ ఏం కనిపించవచ్చు? ఫలానా ఫోల్డర్‌లో రాయడానికి అనుమతి లేదు అని ఉండవచ్చు. 1920 అని ఉంటే, ఆ సాఫ్ట్‌వేర్ పెట్టిన సర్వీసు మొదలుకాలేదని అర్థం. 1722 అని ఉంటే, సెటప్ తనలో భాగంగా నడిపిన ఇంకో ప్రోగ్రాము పని పూర్తిచేయలేదని అర్థం. 1935 అయితే విండోస్ ఉమ్మడి భాగాలను ఇన్‌స్టాల్ చేయడంలో ఇబ్బంది వచ్చిందని అర్థం. గమనించారా? తెరమీద అందరికీ 1603 అనే కనిపించింది, లోపల మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో కథ.

సెటప్ ఈఎక్స్‌ఈ ఫైలు అయితే పద్ధతి కొంచెం మారుతుంది. అలాంటి చాలా సెటప్‌లు తమ లాగ్‌ను టెంప్ ఫోల్డర్‌లో రాస్తాయి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, రెండు పర్సెంట్ గుర్తుల మధ్య టెంప్ అని ఇస్తే ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది. తేదీ ప్రకారం అమర్చి, ఇప్పుడే పుట్టిన ఫైళ్లు చూడండి. ఇన్నో సెటప్ అనే సెటప్ తయారీ సాధనంతో తయారైనవి అయితే, స్లాష్ పెట్టి లాగ్ అని ఇస్తే లాగ్ రాస్తాయి. అయితే ఒక జాగ్రత్త. మీ ఖాతాకు అధికారం లేక, వేరే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఇచ్చి సెటప్ నడిపి ఉంటే, లాగ్ ఆ ఖాతా టెంప్ ఫోల్డర్‌లో ఉంటుంది, మీ దానిలో ఉండదు. ఇవేవీ దొరకకపోతే, విండోస్‌లో జరిగిన సంఘటనల నమోదులు చూపే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ విభాగం తెరిచి, ఎంఎస్‌ఐఇన్‌స్టాలర్ పేరుతో ఉన్న నమోదులను చూడండి. 11708 అనేది విఫలమైన ఇన్‌స్టాలేషన్‌ను తెలిపే నమోదు.

ఇక కారణాల్లోకి వెళదాం. అన్నిటికంటే ఎక్కువగా అపార్థం జరిగేది అనుమతుల విషయంలో. నేను అడ్మినిస్ట్రేటర్‌నే కదా, నాకు అనుమతి లేకపోవడం ఏమిటి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి రెండు సమాధానాలు ఉన్నాయి. మొదటిది, విండోస్ విస్టా నుంచి, అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో ఉన్నా ప్రోగ్రాములు మామూలు అధికారంతోనే మొదలవుతాయి. మీరు ప్రత్యేకంగా ఒప్పుకుంటేనే పూర్తి అధికారం వస్తుంది. రెండవది ఇంకా ముఖ్యం. కంప్యూటర్ మొత్తానికి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అసలు పని చేసేది మీరు కాదు, విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీసు. అది సిస్టమ్ అనే అంతర్గత ఖాతా పేరుతో పనిచేస్తుంది. ఒక ఫోల్డర్ మీద మీకు సర్వాధికారాలూ ఉండి, సిస్టమ్ ఖాతాకు లేకపోతే ఇన్‌స్టాలేషన్ విఫలమవుతుంది. 1603కు మైక్రోసాఫ్ట్ చెప్పే కారణాల్లో ఇది ఒకటి. ఆ ఫోల్డర్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండడం, ఇన్‌స్టాల్ చేయబోయే డ్రైవు నిజమైన డ్రైవు కాక ఒక ఫోల్డర్‌కు పెట్టిన మారుపేరు కావడం కూడా వారు చెప్పే కారణాలే. కాబట్టి ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ పేజీ తెరిచినప్పుడు మీ పేరు ఉందా అని మాత్రమే చూడకండి, సిస్టమ్ పేరు ఉందా, దానికి ఫుల్ కంట్రోల్ ఉందా అని చూడండి.

దీనికి దగ్గరగానే ఇంకొకటి ఉంది. సెటప్ ఫైలును నెట్‌వర్క్ డ్రైవు నుంచి నేరుగా నడిపితే, ఫైలు తెరవలేకపోతున్నాను అని 1619 రావచ్చు. కళ్లెదుటే కనిపిస్తున్న ఫైలును తెరవలేకపోవడం ఏమిటి? మీ మామూలు అధికారంతో కలిపిన నెట్‌వర్క్ డ్రైవు, పూర్తి అధికారంతో నడిచే ప్రోగ్రాముకు సాధారణంగా కనిపించదు. ఫైలును ముందు మీ కంప్యూటర్ డిస్కులోకి కాపీ చేసుకుని నడిపితే సరిపోతుంది.

డౌన్‌లోడ్ చేసిన ఫైలు విషయం త్వరగా ముగిస్తాను. జిప్ ఫైలులోపలి నుంచే సెటప్‌ను నడపకండి, ముందు అంతా బయటికి తీయండి, లేకపోతే పక్కన ఉండవలసిన ఫైళ్లు దానికి దొరకవు. ఫైలు మారిపోలేదని సరిచూసుకోవడానికి తయారీదారు షా256 అనే విలువ ఇచ్చి ఉంటే, కమాండ్ ప్రాంప్ట్ లాంటిదే అయిన పవర్‌షెల్‌లో గెట్, హైఫన్, ఫైల్‌హ్యాష్ అని కలిపి టైపు చేసే కమాండ్‌తో మీ ఫైలు విలువను పోల్చి చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు అదే కాదు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైలుకు విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది. మీరు నమ్మే చోటి నుంచి వచ్చిందని నిర్ధారించుకున్న తర్వాతే, ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ అనే గడిలో టిక్ పెట్టి ఆ గుర్తు తీసేయవచ్చు.

1618 గురించి అడుగుతారని నాకు తెలుసు. మరో ఇన్‌స్టాలేషన్ ఇప్పటికే నడుస్తోంది అని దాని అర్థం. ఏమీ నడవడం లేదే అనుకుంటారు. తెరమీద ఏమీ కనిపించకపోయినా వెనుక ఏదో ఒక అప్‌డేట్ నడుస్తూ ఉండవచ్చు, విండోస్ ఇన్‌స్టాలర్ ఒకసారి ఒక్క ఇన్‌స్టాలేషన్‌ను మాత్రమే నడుపుతుంది. టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి ఆ ప్రాసెస్‌ను బలవంతంగా ఆపకండి. అది సగం పనిలో ఉంటే ఆ సగం పని అలాగే మిగిలిపోతుంది. కొంతసేపు ఆగండి, అప్పటికీ అలాగే ఉంటే రీస్టార్ట్ చేయండి.

రీస్టార్ట్ అన్నాను గనుక ఒక మాట. షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేశాను కదా, రెండూ ఒకటే కదా అంటారు. ఒకటి కాదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఉన్నప్పుడు షట్‌డౌన్ చేస్తే విండోస్ తన అంతర్భాగ స్థితిని డిస్కులో దాచుకుని, మళ్ళీ ఆన్ చేయగానే దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది. రీస్టార్ట్ చేస్తేనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది. ఇన్‌స్టాలేషన్ లోపాల విషయంలో ఈ తేడా చాలా పెద్దది, ఎందుకంటే వాడుకలో ఉన్న ఫైళ్లను మార్చవలసి వస్తే విండోస్ ఆ పనిని తర్వాతి ప్రారంభానికి వాయిదా వేస్తుంది. అన్నట్టు, 3010 అనే అంకె కనిపిస్తే కంగారు పడకండి, అది లోపం కాదు. పని సవ్యంగా జరిగింది, రీస్టార్ట్ కావాలి అని మాత్రమే దాని అర్థం.

తర్వాతది, ముందస్తుగా ఉండవలసిన భాగాలు. ఇన్‌స్టాల్ అయింది కానీ తెరుచుకోవడం లేదు, విసిరన్‌టైమ్140.డిఎల్‌ఎల్ లేదు అంటోంది, ఇది చాలామందికి అనుభవమే. చాలా ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే ఈ ఫైలు మైక్రోసాఫ్ట్ విజువల్ సి ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే ప్యాకేజీలోది. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి ఆ ప్యాకేజీని తెచ్చి ఇన్‌స్టాల్ చేయండి. మీది 64 బిట్ విండోస్ అయినా, ప్రోగ్రాము 32 బిట్‌ది అయితే దానికి 32 బిట్ ప్యాకేజీయే కావాలి. ఆ రెండూ పక్కపక్కన ఉండవచ్చు, ఉండడమే మంచిది. దయచేసి ఒక్క పని మాత్రం చేయకండి. ఆ ఒక్క డిఎల్‌ఎల్ ఫైలును ఎవరో పెట్టిన సైటు నుంచి తెచ్చి సిస్టమ్32 ఫోల్డర్‌లో పడేయకండి. అది ఎవరు తయారుచేశారో, ఏ వెర్షనో, అందులో ఏముందో మీకు తెలియదు. పైగా 32, 64 బిట్ ఫైళ్లు కలగలిసిపోతే 7బితో ముగిసే మరో ఎర్రర్ మొదలవుతుంది, అప్పుడు ఒక సమస్య రెండవుతుంది. ఇదే ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయబోతే 1638 వస్తే, మీ దగ్గర అంతకంటే కొత్తది ఇప్పటికే ఉండి ఉండవచ్చు. ఇన్‌స్టాల్ అయి ఉన్న ప్రోగ్రాముల జాబితా చూసి ఖాయం చేసుకోండి.

పాత ప్రోగ్రాములు, డాట్‌నెట్ అనే మైక్రోసాఫ్ట్ ఉమ్మడి భాగాల 3.5 వెర్షన్‌ను అడుగుతాయి. విండోస్ 10లో ఉన్న డాట్‌నెట్ 4 వరుస దానికి బదులుగా పనిచేయదు. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్స్ పేజీ నుంచి 3.5ను ఆన్ చేయాలి. అది కావలసిన ఫైళ్లను విండోస్ అప్‌డేట్ నుంచి తెచ్చుకుంటుంది. సంస్థల కంప్యూటర్లలో ఆ దారి మూసి ఉంటే మూల ఫైళ్లు దొరకలేదని ఎర్రర్ వస్తుంది. అప్పుడు అదే వెర్షన్ విండోస్ ఇన్‌స్టాలేషన్ డిస్కులో సోర్సెస్ ఫోల్డర్‌లో ఎస్‌ఎక్స్‌ఎస్ అనే ఫోల్డర్‌ను, విండోస్ సొంత భాగాలను చూసుకునే డిస్మ్ అనే కమాండ్‌కు చూపించాలి. అదే వెర్షన్ అన్న మాట మరచిపోకండి, వేరే వెర్షన్ డిస్కు చూపిస్తే మళ్ళీ అదే ఎర్రర్ వస్తుంది.

డిస్మ్ అన్నాను. ఏ సమస్య చెప్పినా ఎస్‌ఎఫ్‌సి స్కాన్‌నౌ నడపండి, డిస్మ్‌తో రీస్టోర్‌హెల్త్ చేయండి అనే సలహా మీరందరూ వినే ఉంటారు. ఆ రెండూ మంచి సాధనాలే, వాటితో హాని ఏమీ లేదు. కానీ అవి బాగుచేసేది విండోస్ సొంత ఫైళ్లను మాత్రమే. మీ లాగ్‌లో ఫోల్డర్ అనుమతి లేదని స్పష్టంగా ఉన్నప్పుడు, విండోస్ ఫైళ్లను ఎంతసేపు సరిచూసినా ఏం లాభం? లాగ్‌లో 1935 గానీ, విండోస్ భాగాలు చెడిపోయాయన్న సూచన గానీ ఉంటే అప్పుడు వాడండి. వాడినప్పుడు ముందు డిస్మ్, తర్వాత ఎస్‌ఎఫ్‌సి, ఈ వరుసలో వాడండి. ఎస్‌ఎఫ్‌సి సరైన ఫైళ్లను తీసుకునే నిల్వను డిస్మ్ బాగుచేస్తుంది కాబట్టి ఆ వరుస.

శుభ్రం చేసే పనుల గురించి గట్టిగా చెప్పాలి. సి డ్రైవులో విండోస్ ఫోల్డర్ కింద ఇన్‌స్టాలర్ అనే దాచి ఉంచిన ఫోల్డర్ ఉంది. అది చాలా చోటు తీసుకోవచ్చు. చోటు కోసం వెతికేవారు దాన్ని చూసి, పాత సెటప్ ఫైళ్లే కదా అని తొలగిస్తారు. అప్పటికి ఏమీ కాదు. కొంతకాలానికి ఆ ప్రోగ్రామును అప్‌డేట్ చేయబోతే, పాత వెర్షన్‌ను తీసివేయలేకపోతున్నాను అని 1714 వస్తుంది, లేదా మూలం దొరకలేదని 1612 వస్తుంది. ఎందుకంటే ప్రోగ్రామును బాగుచేయడానికీ, తీసివేయడానికీ కావలసిన సూచనలన్నీ ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లలోనే ఉంటాయి. ఆ ఫోల్డర్ జోలికి వెళ్లకండి. రిజిస్ట్రీ శుభ్రం చేస్తామనే ప్రోగ్రాములకూ దూరంగా ఉండండి. ఇప్పటికే ఇలా జరిగి ఉంటే, ఆ ప్రోగ్రాము అదే పాత వెర్షన్ సెటప్‌ను తెచ్చి రిపేర్ చేసి చూడండి. అదీ కుదరకపోతే, ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ సమస్యల కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చే ప్రత్యేక ట్రబుల్‌షూటర్ ఉంది. చెడిపోయిన నమోదులను అది జాగ్రత్తగా తీసివేస్తుంది.

యాంటీవైరస్ అడ్డుపడుతోందన్న అనుమానం వస్తే, దాన్ని ఆపేయడానికి ముందు, అది నిజంగా ఏదైనా అడ్డుకుందా అని దాని చరిత్ర చూడండి. విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ అనే పేజీ ఉంది. అక్కడ ఏమీ లేకపోతే యాంటీవైరస్ మీద నింద వేయడానికి ఆధారం లేనట్టే. కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్ చేసి ఉంటే, డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లలో రాయబోయే సెటప్‌ను అది అడ్డుకుంటుంది. ఆ ఒక్క ప్రోగ్రాముకు అనుమతి ఇస్తే చాలు, మొత్తం రక్షణ తీసేయనక్కరలేదు.

ఇవన్నీ చేసినా తేలకపోతే సాఫ్ట్‌వేర్ తయారీదారును అడగాలి. అడిగేటప్పుడు ఇన్‌స్టాల్ కావడం లేదు అని ఒక్క వాక్యం రాసి పంపితే, వారి నుంచి వచ్చేవి కూడా రీస్టార్ట్ చేయండి వంటి సలహాలే. విండోస్ వెర్షన్, అది 32 బిట్టా 64 బిట్టా, సెటప్ ఫైలు ఏ వెర్షన్, దాన్ని ఎలా నడిపారు, లాగ్‌లో మొదటి రిటర్న్ వాల్యూ 3 దగ్గర ఏముంది, ఇవి రాసి, లాగ్ మొత్తాన్ని జతచేయండి. పంపే ముందు ఆ లాగ్‌ను ఒకసారి మీరే చదవండి. సెటప్‌కు మీరు ఇచ్చిన వివరాలు, అంటే ఖాతా పేర్లు, లైసెన్స్ కీలు, కొన్ని సెటప్‌లలో పాస్‌వర్డులు కూడా అందులో ఉన్నవి ఉన్నట్టుగా నమోదై ఉండవచ్చు. అలాంటివి కనిపిస్తే వాటిని మాత్రమే చెరిపి, మిగిలిన వరుసలను ముట్టుకోకుండా పంపండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.